విశ్వవిద్యాలయంలో గే, లెస్బియన్, బైసెక్సువల్ అవగాహన వారం: ఏర్పాట్లు ఎలా చేయాలి, ఎక్కడ దెబ్బతింటుంది?

ప్రశ్న

విశ్వవిద్యాలయంలో గే, లెస్బియన్, బైసెక్సువల్ అవగాహన వారం జరపడానికి విద్యార్థి సంఘానికి అనుమతి వచ్చింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజులు. ఇంకా ఎనిమిది వారాల గడువుంది. పనికి పన్నెండుగురం ఉన్నాం. 120 మంది పట్టే హాలు ఒకటి, ఇరవై మంది కూర్చునే సెమినార్ గది ఒకటి, లైబ్రరీ ముందు వరండాలో బల్ల వేసుకునే చోటు ఇచ్చారు.

తేదీలు దేన్నిబట్టి పెట్టుకోవాలి? ఏ రోజు ఏది పెడితే బాగుంటుంది? రావాలని ఉన్నా నలుగురి కంట పడతామని జంకేవాళ్ల కోసం ఏర్పాట్లు ఎలా ఉండాలి? ఇలాంటి వారాల్లో 'బైసెక్సువల్' (ఒకటి కంటే ఎక్కువ లింగాల వాళ్ల మీద ఆకర్షణ కలిగేవాళ్లు) అన్న మాట బ్యానర్ మీద ఉంటుంది గానీ కార్యక్రమాల్లో కనబడదు. దాన్ని ఎలా సరిచేయాలి? తెలుగు పోస్టర్ల మీద ఏ మాటలు వాడాలో కూడా తేలడం లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు 1

తేదీల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక మనిషిని మనసులో పెట్టుకోండి: గే అనో లెస్బియన్ అనో బైసెక్సువల్ అనో తన సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పుకోని విద్యార్థి. తన పేరు ఎక్కడా పడకుండా, ఎందుకొచ్చావంటే జవాబు వెతుక్కోనక్కర్లేకుండా ఆ విద్యార్థి ఇందులోకి రాగలరా? ప్రతి కార్యక్రమాన్నీ ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షించండి. రాలేరంటే కార్యక్రమాన్ని మార్చాల్సిందే. ఈ వారం అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది ఆ విద్యార్థికే.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. 1966లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో స్టూడెంట్ హోమోఫైల్ లీగ్ అనే గే విద్యార్థుల సంఘం మొదలైనప్పుడు, గుర్తింపు కావాలంటే సభ్యుల పేర్లు ఇవ్వాలన్నారు. ఇస్తే ఆ విద్యార్థుల బతుకు బజార్న పడుతుంది, ఇవ్వకపోతే గుర్తింపు లేదు. సంఘాన్ని మొదలుపెట్టిన స్టీఫెన్ డొనాల్డ్‌సన్ (ఆయన బైసెక్సువల్) దారి కనిపెట్టారు. క్యాంపస్‌లో పేరున్న విద్యార్థి నాయకులను నామమాత్రపు సభ్యులుగా చేర్చుకుని, ఆ పేర్లే జాబితాగా ఇచ్చారు. 1967 ఏప్రిల్ 19న గుర్తింపు వచ్చింది. మీ కాగితాల్లోనూ ఇదే పద్ధతి పాటించండి. సంతకాలు కావాల్సిన చోట సంఘం పదవుల్లో ఉన్నవాళ్లు, అధ్యాపకులు పెట్టాలి. తోడుగా వచ్చినవాళ్లెవరో, తమ కోసం వచ్చినవాళ్లెవరో చూసేవాళ్లకు తేడా తెలియకుండా ఉండటమే ఇక్కడ అసలు రక్షణ.

ఇక తేదీలు. సెప్టెంబర్ 23ను 1999 నుంచి బైసెక్సువల్ దినంగా జరుపుతున్నారు. అక్టోబర్ 11, తమ సంగతి తాము చెప్పుకునే రోజు. 1987లో అదే తేదీన గే, లెస్బియన్ హక్కుల కోసం వాషింగ్టన్‌లో పెద్ద ఊరేగింపు జరిగింది, ఏడాది తిరిగాక 1988లో ఈ దినం మొదలైంది. మే 17కు కారణం వేరు. 1990లో ఆ రోజునే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలోంచి స్వలింగాకర్షణను తీసేసింది. జూన్‌లో జరిపే ప్రైడ్ నెల, 1969 జూన్ 28న న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ అనే గే బార్ మీద పోలీసులు దాడి చేసినప్పుడు జరిగిన తిరుగుబాటు గుర్తుగా వచ్చింది, కానీ ఆ నెలలో చాలా విశ్వవిద్యాలయాలకు సెలవులు. మీ గడువుకు కుదిరితే సెప్టెంబర్ 23 పడే వారమే మంచిది. బైసెక్సువల్ విషయం పక్కకు జారిపోకుండా తేదీయే కాపలా కాస్తుంది. పరీక్షలకు మాత్రం కనీసం రెండు వారాల ఎడం ఉండాలి.

ఎనిమిది వారాలు ఎక్కువగా అనిపిస్తాయి గానీ చాలవు. మొదటి వారంలోనే గదుల బుకింగ్‌ను రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట అనుమతి ఉంటే, ఎవరైనా అభ్యంతరం చెప్పిన రోజున గది మాయమవుతుంది. రెండో వారంలో వక్తలను పిలవండి. ఒక్కో ప్యానెల్‌కు కావలసినదానికంటే ఒకరిని అదనంగా అనుకోండి, చివరి నిమిషంలో ఒకరు తప్పుకోవడం మామూలే. వాళ్లకు వాళ్ల కారణాలుంటాయి, బలవంతం చేయకూడదు. నాలుగో వారానికి పోస్టర్లు, ప్రదర్శన పలకల రాత పూర్తవ్వాలి. ఐదో వారంలో ఇద్దరు బయటివాళ్లతో అచ్చుతప్పులు చూపించుకోండి. ఆరో వారం అచ్చుకు పంపి, ఏడో వారంలో కార్యకర్తలకు రెండు గంటల శిక్షణ పెట్టండి. ఆ శిక్షణ ఎగ్గొట్టినవాళ్లకు బల్ల దగ్గర పని ఇవ్వకండి.

రోజుల వరస విషయానికొస్తే, సోమవారం ఉపన్యాసంతో మొదలుపెట్టడం పొరపాటు. ఆ రోజు ప్రదర్శన, బల్ల మాత్రమే ఉంచండి. పలకలు గదిలో పెడితే తలుపు దాటి లోపలికి రావాలి. ఆ తలుపు దాటడమే కష్టం. నడిచే దారి పక్కన పెడితే, బస్సు కోసం నిలబడినట్టే నిలబడి చదువుకోవచ్చు. మంగళవారం చరిత్ర మీదో మానసిక శాస్త్రం మీదో అధ్యాపకుడి ఉపన్యాసం పెట్టండి. "క్లాసుకు పనికొస్తుందని వచ్చాను" అనే వీలు దొరుకుతుంది. బుధవారం పూర్తిగా బైసెక్సువల్ విషయానికి. శుక్రవారానికి తోస్తే సగం మంది ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. గురువారం హాల్లో ప్యానెల్. శుక్రవారం సినిమా, పాటలు, సంబరం. సినిమా వేస్తే బహిరంగ ప్రదర్శన హక్కులు విడిగా తీసుకోవాలి. ఇంట్లో చూసే చందా ఖాతాతో హాల్లో వేయడం చాలా చోట్ల చెల్లదు. కొన్ని లైబ్రరీలకు ఆ హక్కులతో సహా కొన్న ప్రతులు ఉంటాయి, ముందు అక్కడ అడగండి.

జవాబు 2

పై జవాబులో చెప్పిన రక్షణకు చిన్న చిన్న చోట్లే చిల్లులు పడతాయి. ఎవరూ చెడు తలపుతో చేయరు. ఫారం, ఫోటో, ఫోన్ గ్రూపు, ఈ మూడే ముంచుతాయి.

ఆన్‌లైన్ ఫారాల్లో 'ఈమెయిల్ చిరునామా సేకరించు' అన్న అమరిక కొన్నిసార్లు దానంతటదే ఆన్‌లో ఉంటుంది. సంస్థ ఖాతాతో తెరిస్తే అడగకుండానే పేరో మెయిలో నమోదు కావచ్చు. దాన్ని తీసేసి, వేరే ఖాతాలోంచి ఒకసారి నింపి చూసుకోండి. అసలు ప్రవేశానికి నమోదే పెట్టకపోతే ఇంకా మంచిది. హాజరు సంఖ్య కావాలని కార్యాలయం అడిగితే, తలుపు దగ్గర ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి ఆ అంకె ఇవ్వండి. సంతకాల పుస్తకం వద్దు. హాజరు పత్రాలు ఇస్తామని ప్రకటించడం కూడా పేర్లు రాబట్టడమే.

వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతివాళ్ల నంబరూ మిగతా అందరికీ కనబడుతుంది. సమాచారం పంపడానికి గ్రూపు బదులు ఛానల్ వాడండి, అనుసరించేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒక తిరకాసు ఉంది: మీ నంబరును తమ ఫోన్లో దాచుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. సగం మందికి రాలేదంటే కారణం అదే. మెయిల్ పంపితే చిరునామాలన్నీ బీసీసీలో (ఒకరి చిరునామా ఇంకొకరికి కనబడని గడిలో) ఉండాలి. క్యాలెండర్ ఆహ్వానం పంపేటప్పుడు అతిథుల జాబితా కనబడకుండా ఆ గడిలో టిక్కు తీసేయాలి.

ఫోటోల విషయంలో కొందరు 'ఫోటో వద్దు' అనేవాళ్లకు వేరే రంగు ట్యాగు మెడలో వేస్తారు. ఆలోచించండి, ఆ ట్యాగే వాళ్లను పట్టిస్తుంది. దీన్ని తిరగేయాలి. హాలంతా ఫోటోలు లేని చోటు. ఒక మూల నేల మీద టేపుతో 2 మీటర్ల చదరం గీసి, వెనక బ్యానర్ కట్టి, ఫోటోలు అక్కడే తీయాలి. కావాలనుకున్నవాళ్లు అందులోకి నడిచి వెళ్తారు. వెనక అద్దాల కిటికీ ఉందేమో చూసుకోండి, జనం అందులో కనబడతారు. తీసేముందు ఒకసారి, బయట పెట్టేముందు ఆ ఫోటో చూపించి ఇంకోసారి అడగండి. ట్యాగ్ చేయకండి. సభను ప్రసారం చేయాలంటే కెమెరా వేదిక మీదే నిలపాలి, ప్రశ్నలు అడిగేవాళ్ల వైపు తిప్పకూడదు.

విద్యార్థులు తమలో తాము మాట్లాడుకునే చిన్న కూటమి ఒకటి తప్పక పెట్టండి. సెమినార్ గది దానికి సరిపోతుంది. అయితే గది నంబరు పోస్టరు మీద వేయకండి. మెయిల్ పంపినవాళ్లకు, బల్ల దగ్గర అడిగినవాళ్లకు చెప్పండి. ఆ గంటకు తలుపు మీద 'చదువుకునే బృందం' అని రాసిపెట్టినా చాలు. తలుపుకు అద్దం ఉంటే లోపలినుంచి కాగితం అంటించండి. కొత్తగా వచ్చేవాళ్లు తరచూ పది నిమిషాలు ఆలస్యంగా వస్తారు, బయట రెండు మూడు చుట్లు తిరిగి ధైర్యం తెచ్చుకుని వస్తారు. తలుపు దగ్గరి కుర్చీలు వాళ్ల కోసం ఖాళీగా ఉంచండి. పరిచయాలప్పుడు పిలవాలనుకునే పేరు చెబితే చాలు. ఎందుకొచ్చారని అడగకూడదు.

జవాబు 3

తెలుగు మాటల గురించి అడిగారు. నాకు పట్టింపు ఉన్న విషయం, కాస్త వివరంగా రాస్తాను.

'స్వలింగ సంపర్కులు' అన్నది పత్రికల్లో పాతుకుపోయిన మాట. సంపర్కం అనగానే చదివేవాళ్ల మనసు పడకగదిలోకి పోతుంది. మనిషి, ప్రేమ, జంట కట్టుకున్న సంసారం అన్నీ పక్కకు పోయి ఒక చర్య మిగులుతుంది. పోస్టరు మీద 'గే', 'లెస్బియన్' అనే రాయండి, అందరికీ తెలిసిన మాటలే. వివరణ కావాలంటే 'స్వలింగాకర్షణ', 'స్వలింగ ప్రేమికులు' బాగుంటాయి.

'ద్విలింగులు' అని మాత్రం రాయవద్దు. వృక్షశాస్త్రంలో ద్విలింగ పుష్పం అంటే కేసరాలు, అండకోశం రెండూ ఒకే పువ్వులో ఉన్నది, మందారంలా. మనుషులకు వాడితే శరీరం గురించి చెబుతున్నట్టవుతుంది. చెప్పదలచింది ఆకర్షణ గురించి. 'బైసెక్సువల్' అని రాసి, కింద ఒక వాక్యం చేర్చండి: 'ఒకటి కంటే ఎక్కువ లింగాల వాళ్ల మీద ఆకర్షణ కలిగేవాళ్లు'. 'ద్విలైంగికులు' అన్న మాట పుస్తకాల్లో కనిపిస్తుంది, అర్థం సరైనదే గానీ పోస్టరు మీద దూరం నుంచి 'ద్విలింగ' లాగే చదువుకుంటారు.

'లైంగిక ఎంపిక' అంటే దుకాణంలో ఏరుకున్నట్టు ధ్వనిస్తుంది. 'లైంగికత' లేదా 'లైంగిక ఆకర్షణ' అనండి. 'తాను గే అని ఒప్పుకున్నాడు', 'అంగీకరించింది' అని రాసేవాళ్లున్నారు. ఒప్పుకునేది నేరం. 'చెప్పాడు', 'చెప్పింది' చాలు. కమింగ్ అవుట్‌కు 'బయటపడటం' అని అనువాదం చేస్తే దొంగతనం బయటపడినట్టుంటుంది. 'తన సంగతి చెప్పుకోవడం' అంటే సరిగ్గా అతుకుతుంది. అడగకుండా ఇంకొకరి సంగతి చెప్పేయడానికి 'బయటపెట్టడం' అన్న మాట ఉంచుకోండి, ఆ తేడా పోస్టర్లలోనే నేర్పినట్టవుతుంది. మిగతావాళ్లను 'మామూలు మనుషులు' అనకండి, 'స్ట్రెయిట్' అంటే సరిపోతుంది.

'ట్రాన్స్‌జెండర్' అన్నది ఆకర్షణకు సంబంధించిన మాట కాదు, తాను ఎవరన్నదానికి సంబంధించినది. వారం పేరులో అలంకారంగా తగిలించి కార్యక్రమం ఏమీ పెట్టకపోతే అది వాళ్లకు అవమానం. చేరిస్తే ఒక పూట పూర్తిగా, ట్రాన్స్ వక్తలతో పెట్టండి.

ఇక జెండాలు. ఎక్కువగా జరిగే తప్పు ఇంద్రధనుస్సు జెండాకు విబ్జియార్ ఏడు రంగులు వేయడం. ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఆరు: పైనుంచి ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. గిల్బర్ట్ బేకర్ 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసిన మొదటి జెండాకు ఎనిమిది పట్టీలుండేవి. ముదురు గులాబీ బట్ట దొరకక అది పోయింది. 1979కల్లా ఆరు స్థిరపడ్డాయి. బైసెక్సువల్ జెండా 1998లో మైకేల్ పేజ్ చేసినది: పైన గులాబీ, మధ్యలో లేత ఊదా, కింద నీలం, 2:1:2 కొలతలో. మూడూ సమానంగా వేస్తే తప్పు. లెస్బియన్ జెండాగా నారింజ నుంచి గులాబీ దాకా పట్టీలున్నది 2018 నుంచి ఎక్కువ వాడుకలో ఉంది.

కొనకుండా కుట్టుకుంటే 90 × 150 సెంటీమీటర్లు మంచి కొలత. ఆరు పట్టీల జెండాకు ఒక్కో పట్టీ వెడల్పు 15 సెం.మీ. రావాలి, రెండు వైపులా కుట్టుకు ఒక్కో సెంటీమీటరు వదిలి 17కు కత్తిరించండి. పొడవు 157 తీసుకుంటే ఒక వైపు కర్ర దూర్చే గొట్టానికి 5, ఇంకోవైపు మడతకు 2 పోయి 150 మిగులుతుంది. బైసెక్సువల్ జెండాకు పూర్తయిన వెడల్పులు 36, 18, 36. కత్తిరించేవి 38, 20, 38. అచ్చు వేయిస్తే నమూనా చూడకుండా మొత్తం ఆర్డర్ ఇవ్వకండి. తెరమీద మెరిసే గులాబీ, ఊదా సిరాలోకి వచ్చేసరికి మసకబారతాయి. ఊదా నీలంలో కలిసిపోతే బైసెక్సువల్ జెండాలో మధ్య పట్టీయే కనబడకుండా పోతుంది.

ప్రదర్శనకు పది పలకలు చాలు. ఒక్కోదానిలో 100 నుంచి 120 మాటలు, నిలబడి మీటరున్నర దూరం నుంచి చదవగలిగే అక్షరాలు. ఇరవై పలకలు పెడితే ఆరో దాని దగ్గర ఆగిపోతారు.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడుతోంది, అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు అడుగుతాను. ప్యానెల్‌లో హాల్లోంచి వచ్చే ప్రశ్నలను ఎలా నడపాలి? బుధవారం కోసం ఒక ఆలోచన వచ్చింది: నేలమీద 0 నుంచి 6 దాకా గీత గీసి, కిన్సీ కొలబద్ద మీద (0 అంటే పూర్తిగా వేరే లింగం వైపు, 6 అంటే పూర్తిగా తన లింగం వైపు ఆకర్షణ) ఎవరు ఎక్కడ ఉన్నారో వచ్చి నిలబడమంటే ఎలా ఉంటుంది? అలాగే 'మనుషుల లైబ్రరీ' కూడా కొందరు సూచించారు.

జవాబు 4

ఆ గీత ఆట వద్దండి. దయచేసి వద్దు. అమెరికా పరిశోధకుడు కిన్సీ 1948లో ఆ కొలబద్ద ప్రకటించింది గోప్యంగా తీసుకున్న ఇంటర్వ్యూల ఆధారంగా. అందరి ముందూ నిలబడమంటే అక్కడికక్కడే మనుషుల్ని బయటపెట్టడమే. అబద్ధం చెప్పి 0 దగ్గర నిలబడిన విద్యార్థి ఇంటికెళ్లాక ఆ అబద్ధాన్నే తలుచుకుంటూ కూర్చుంటారు. 'ఫలానా అనుభవం ఉన్నవాళ్లు ఒక అడుగు ముందుకు వేయండి' అనే ఆటలన్నిటికీ ఇదే దోషం.

దాని బదులు మనోవైద్యుడు ఫ్రిట్జ్ క్లైన్ తయారుచేసిన గడుల పట్టిక వాడండి. ఏడు వరసలు: ఆకర్షణ, ప్రవర్తన, ఊహలు, భావోద్వేగ సంబంధం, స్నేహాల ఇష్టం, జీవనశైలి, తనను తాను ఏమనుకుంటున్నారన్నది. మూడు నిలువు గడులు: గతం, వర్తమానం, ఆదర్శం. మొత్తం 21 గడులు, ఒక్కోదానిలో 1 నుంచి 7 దాకా ఒక అంకె (1 అంటే పూర్తిగా వేరే లింగం వైపు, 7 అంటే పూర్తిగా తన లింగం వైపు). కాగితం ఇచ్చి, ఇంటికి తీసుకెళ్లి నింపుకోమనండి. నింపి తిరిగివ్వమని అడగకూడదు. హాల్లో మాత్రం ఊహించిన మనిషి పట్టిక ఒకటి తెరమీద వేసి, ఒకే మనిషికి అంకెలు గడి గడికీ ఎలా మారతాయో చూపండి. బైసెక్సువల్ అంటే సరిగ్గా సగం సగం అన్న అపోహకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

బుధవారం ఒక్కరోజుతో బైసెక్సువల్ విషయం తీరిపోయిందనుకోకండి. ప్యానెల్‌లో బైసెక్సువల్ వక్తలను చివరన కూర్చోబెట్టి 'మీరు కూడా ఒక మాట' అనడం కనిపిస్తూనే ఉంటుంది. మొదట మాట్లాడమనండి. చరిత్ర పలకల్లో స్టోన్‌వాల్ ఉంటే, దాని మొదటి వార్షికోత్సవంగా 1970లో న్యూయార్క్‌లో జరిగిన ఊరేగింపుకు పనిచేసిన బ్రెండా హోవర్డ్ బైసెక్సువల్ అని రాయండి. 'గే పెళ్లి' బదులు 'ఒకే లింగం వాళ్ల పెళ్లి' అనండి, ఆ జంటలో ఒకరు బైసెక్సువల్ కావచ్చు. అబ్బాయితో కనిపిస్తే ఒక ముద్ర, అమ్మాయితో కనిపిస్తే ఇంకో ముద్ర. పక్కనున్నవాళ్లను బట్టి మనిషి మారిపోయినట్టు లెక్కగట్టడం వాళ్లకు రోజూ ఎదురయ్యేదే. గే, లెస్బియన్ మిత్రుల దగ్గర కూడా ఎదురవుతుంది, కాబట్టి కార్యకర్తల శిక్షణలో ఇది తప్పక చెప్పాలి.

ప్యానెల్‌కు 75 నిమిషాలు పెట్టండి. నలుగురు వక్తలు, ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు. తర్వాత చీటీలు. మైకు తిప్పితే ధైర్యస్తులు, దెబ్బలాడేవాళ్లు మాత్రమే మాట్లాడతారు. లోపలికి వచ్చేటప్పుడే అందరికీ ఒకే రకం చీటీ, ఒకే రంగు పెన్ను ఇవ్వండి. ప్రశ్న లేనివాళ్లు కూడా ఖాళీ చీటీ మడిచి పెట్టెలో వేయాలని చెప్పండి. అప్పుడే ఎవరు రాశారో తెలియదు. ఇద్దరు పక్కన కూర్చుని ఒకే అర్థం ఉన్నవి కలిపి, పది పన్నెండు ఏర్చి అధ్యక్షుడికి అందించాలి. చీటీని గాలిలో ఊపుతూ చదవకూడదు, దస్తూరీ పోల్చుకుంటారు. అయిపోయాక చింపేయండి. వక్తలు జవాబు చెప్పనక్కర్లేని ప్రశ్నలేవో ముందే వాళ్లతో కూర్చుని రాసుకోండి. పడక విషయాలు, ఇంట్లోవాళ్ల వివరాలు సాధారణంగా ఆ జాబితాలోకి వస్తాయి.

'స్వలింగ ప్రేమ తప్పా ఒప్పా' అని వాదోపవాదాల పోటీ పెట్టమని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. ఎదురుగా కూర్చున్న మనిషి ఉండవచ్చా లేదా అన్నది పోటీ అంశం కాదు. చట్టం ఎలా మారాలి, హాస్టల్ నియమాలు ఎలా ఉండాలి లాంటివైతే నిక్షేపంగా చర్చించవచ్చు.

మనుషుల లైబ్రరీ 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఉత్సవంలో మొదలైంది. మనిషే పుస్తకం, పాఠకుడు ఎదురుగా కూర్చుని అడుగుతాడు. ఆ పేరు వాడాలంటే ఆ సంస్థను అడగాలి. పద్ధతి మాత్రమే తీసుకుంటే 'ముఖాముఖి బల్లలు' అనుకోండి. ఇరవై నిమిషాల సంభాషణ, పది నిమిషాల విరామం, ఒక్కొక్కరికి వరసగా మూడుకు మించకుండా. అదే ప్రశ్నకు అదే నొప్పితో నాలుగోసారి జవాబు చెప్పేసరికి మనిషి అలిసిపోతాడు. తమ సంగతి ఇప్పటికే బహిరంగంగా చెప్పుకున్నవాళ్లనే పిలవండి. ఉత్సాహంలో ముందుకొచ్చిన మొదటి ఏడాది విద్యార్థిని సున్నితంగా వారించి, ఇంట్లో తెలుసా, తెలిస్తే ఏమవుతుంది, ఖర్చులెవరు పెడుతున్నారు అని విడిగా అడగండి. చెప్పుకున్న మాటను వెనక్కి తీసుకోలేరు.

జవాబు 5

అడ్డంకుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను చేరుస్తాను.

పోస్టర్లు చింపుతారు. అవసరమైనదానికంటే మూడో వంతు ఎక్కువ అచ్చు వేయించి ఉంచుకోండి. 60 కావాలంటే 80. చింపిన ప్రతిసారీ తేదీ, చోటు రాసి ఫోటో తీసి, కొత్తది అంటించి, రోజుకొకసారి భద్రతా విభాగానికి రాతపూర్వకంగా పంపండి. చింపేవాళ్ల వెంటపడటం, వీడియో తీయడం కార్యకర్తల పని కాదు. బల్ల దగ్గర ఎప్పుడూ ఇద్దరు, గంటన్నరకు మార్పు. గొడవకు వచ్చినవాళ్లకు ఒకే వాక్యం: "మీ ప్రశ్న రాసివ్వండి, గురువారం ప్యానెల్‌లో తీసుకుంటాం." రెండోసారి వాదన పెంచితే ఒకరు భద్రతా సిబ్బందికి ఫోన్ చేయాలి, ఇంకొకరు బల్ల వదలకూడదు. ఆన్‌లైన్ సభ లింకు బహిరంగంగా పెడితే బూతులతో చొరబడతారు. నిర్వాహకులు అనుమతించాకే లోపలికి వచ్చేలా వెయిటింగ్ రూమ్ పెట్టండి. తెర పంచుకోవడం నిర్వాహకులకే ఉంచి, పాల్గొనేవాళ్ల మైకులు ఆపేయండి. పేరు బదులు ఏ మారుపేరైనా పెట్టుకోవచ్చని ముందే చెప్పండి.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి. బల్ల దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, మొదటిసారి తన సంగతి మీ కార్యకర్తకే చెప్పేవాళ్లు ఉంటారు. శిక్షణ రెండు గంటల్లో ఒక గంట దీనికే ఇవ్వండి. 'నాకు ముందే తెలుసు', 'ఖచ్చితంగా తెలుసా?', 'ఇంట్లో చెప్పేయ్, తేలికపడతావు', ఈ మూడు మాటలూ నోట రాకూడదు. నమ్మి చెప్పినందుకు సంతోషం అని చెప్పి, ఇంకెవరికైనా తెలుసా అని అడిగి, ఇప్పుడు ఏం కావాలో వాళ్లనే చెప్పనివ్వాలి. విన్నది తోటి కార్యకర్తకు కూడా చెప్పకూడదు. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్ల నిర్ణయం. చెప్పదలిస్తే, ఆ రాత్రి ఇంట్లో ఉండలేని పరిస్థితి వస్తే ఎక్కడికి వెళ్తారన్నది ముందే ఆలోచించుకోమనండి.

చనిపోవాలనిపిస్తోందన్న సూచన ఏ మాటలో వినిపించినా, నేరుగా అడగండి: "ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా కౌన్సెలర్ దగ్గరికో అత్యవసర సేవకో తీసుకెళ్లాలి. ఎవరికీ చెప్పనన్న మాట ఇక్కడ ఒక్కచోట మాత్రం పక్కన పెట్టాలి, ఆ సంగతి వాళ్లకే చెప్పి పెట్టాలి. వారమంతా కౌన్సెలర్ ఏ వేళల్లో, ఏ గదిలో ఉంటారో బల్ల అడుగున కార్యకర్తలకు కనబడేలా అంటించండి. కౌన్సెలర్‌ను కూడా ముందే కలిసి, గే అనో బైసెక్సువల్ అనో చెబితే 'మార్చడానికి' ప్రయత్నించేవారు కాదని నిర్ధారించుకోండి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే స్వలింగాకర్షణను రోగాల జాబితా నుంచి తొలగించింది. రోగం కానిదానికి మందేమిటి?

కరపత్రాలు చొక్కా జేబులో పట్టేంత చిన్నవిగా, బయటి అట్ట మీద ఇంద్రధనుస్సు లేకుండా మామూలు రంగులో వేయించండి. రాత్రి హాస్టల్ గదిలో చదువుకోవడానికి తీసుకెళ్లగలగాలి. శుక్రవారంతో బల్ల ఎత్తేసినా, మెయిల్ చిరునామా కనీసం రెండు నెలలు తెరిచి ఉంచి రెండు రోజులకోసారి చూడండి. వారమంతా దూరం నుంచి చూసి వెళ్లినవాళ్ల ఉత్తరాలు మూడు నాలుగు వారాల తర్వాత కూడా రావచ్చు.